పిల్లల బరువు – పాదాల వంపు

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, తొలి అడుగు వేస్తే అరిసెలు పంచడం మన ఇండ్లలో ఆచారం. ఆ చిట్టి పాదాలకు పసుపు పూసి, అరిసెల మీద నడిపించి మురిసిపోతాం. ఆ వేడుక ముగిసిన తరువాత మాత్రం, బడికి బూట్లు కొనవలసిన రోజు వచ్చేవరకు ఆ పాదాలను శ్రద్ధగా చూసేవారు అరుదు. కన్ను, పన్ను, చెవి మీద పెట్టే దృష్టిలో పదోవంతు కూడా పాదం మీద పెట్టం. దేహభారమంతా మోసేది మాత్రం పాదమే.

విశాఖపట్నంలో చాలాకాలంగా వైద్యం చేస్తున్న నా వద్దకు తల్లిదండ్రులు తరచుగా తెచ్చే సందేహం ఒకటున్నది. "డాక్టరు గారూ, మా వాడి పాదాలు నేలకు పూర్తిగా అంటుకుంటున్నాయి. మధ్యలో వంపు లేదు. ఏమైనా ప్రమాదమా?" ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు నేను పాదాలతో పాటు బరువు తూచే యంత్రాన్ని కూడా చూస్తాను. ఎందువలనో ఈ వ్యాసంలో వివరిస్తాను.

విశాఖలో ఈ భయం ఎందుకు?

చదును పాదాల గురించిన ఆందోళన అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. అయితే మా నగరంలో దానికి అదనపు కారణం కలదు. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుండి ఇది సముద్రాన్ని నమ్ముకున్న ఊరు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉన్నది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వేల కుటుంబాలకు జీవనాధారమైనది. సముద్రతీరాన 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామిని చూసి వచ్చిన ప్రతి పిల్లవాడూ ఒక్కరోజైనా నావికుడు కావాలని కలగంటాడు. ఇటువంటి ఉద్యోగాలకు దేహదారుఢ్య పరీక్ష ఉంటుందని, అందులో పాదాలు కూడా చూస్తారని తల్లిదండ్రులకు తెలుసు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నియామక ప్రకటనలలో చదును పాదాలు ఉండరాదని స్పష్టంగా పేర్కొంటారు. అందుచేత ఐదేళ్ళ బిడ్డ పాదం చూసి, పాతికేళ్ళ తరువాతి ఉద్యోగం పోయినట్లే బాధపడే తండ్రులు నాకు ఎదురవుతుంటారు.

వారికి నేను చెప్పే మాట ఒకటే. చదును పాదాలన్నీ ఒక్క రకం కావు. నిలబడినప్పుడు మాత్రమే చదునై, మునివేళ్ళ మీద లేచినప్పుడు వంపు తిరిగి కనిపించే పాదం మెత్తని చదును పాదం. ఎలా నిలబడినా, ఎలా కూర్చున్నా వంపు కనిపించనిది బిగుసుకుపోయిన చదును పాదం. మన సైనిక వైద్య ప్రమాణాలు కూడా ఈ భేదాన్ని పాటిస్తాయి. మునివేళ్ళ మీద నిలిచినప్పుడు వంపు కనిపిస్తూ, నొప్పి లేకుండా సులువుగా కదులుతూ, గెంతడానికి, పరుగెత్తడానికి అనువుగా ఉన్న పాదాన్ని అవి లోపంగా పరిగణించవు. పిల్లలలో మనం చూసే వాటిలో అత్యధిక భాగం ఈ మొదటి రకమే.

పాదంలోని విల్లు

మానవుని ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అవి నేల మీద పలకలా పరచినట్లు ఉండవు. మడమ నుండి బొటనవ్రేలి మొదలు వరకు విల్లులా వంగి అమరి ఉంటాయి. వింటికి నారి ఉన్నట్లే, మడమ ఎముక నుండి వేళ్ళ మొదళ్ళ వరకు అరికాలిలో ఒక బలమైన పట్టీ బిగించి ఉంటుంది. మనం వేళ్ళ మీద లేచినప్పుడు ఈ నారి బిగిసి విల్లు పైకి లేస్తుంది. అడుగు మోపినప్పుడు విల్లు కొద్దిగా అణగి, అదురును తాను మ్రింగి, మరుక్షణంలో తిరిగి లేస్తుంది. పిక్క లోపలి నుండి దిగివచ్చే ఒక స్నాయుబంధనం ఈ వంపును లోపలివైపు నుండి ఎత్తి పట్టుకుంటుంది. సంధిబంధనాలు ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి.

పుట్టిన బిడ్డకు ఈ విల్లు కనిపించదు. అరికాలిలో మెత్తని కొవ్వు దిండు ఉంటుంది. సంధిబంధనాలు వదులుగా, ఎముకలు లేతగా ఉంటాయి. కనుక పసిపిల్లల పాదాలు చదునుగా కనిపించడం ప్రకృతి సిద్ధం. నడక, పరుగు, గెంతులతో కండరాలు బలపడుతూ, పదేళ్ళ వయసు లోపల వంపు క్రమంగా తేలుతుంది. పెద్దలలో కూడా వంపు అందరికీ ఒకే ఎత్తున ఉండదు. కొందరికి అది జన్మతః తక్కువ. తల్లికో తండ్రికో అటువంటి పాదాలున్నచోట బిడ్డకూ ఉండడం సహజం. నొప్పి లేనంతవరకు అది రోగం కాదు.

బరువు చేసే పని

2006లో ఆస్ట్రియా దేశంలో మూడు నుండి ఆరేళ్ళ వయసు గల 835 మంది పిల్లల పాదాలను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. మూడేళ్ళ పిల్లలలో 54 శాతం మందికి చదును పాదాలుండగా, ఆరేళ్ళ పిల్లలలో అవి 24 శాతానికి తగ్గాయి. అనగా కాలమే సగానికి పైగా వైద్యం చేసింది. నిజంగా రోగమని చెప్పదగిన పాదాలు నూటికి ఒకటి కంటే తక్కువ. ఆడపిల్లల కంటే మగపిల్లలలో ఈ లక్షణం ఎక్కువగా కనిపించింది. గమనించదగిన మరొక విషయం ఏమిటంటే, తగిన బరువున్న పిల్లలలో 42 శాతం, అధిక బరువు ఉన్నవారిలో 51 శాతం, స్థూలకాయులలో 62 శాతం మందికి చదును పాదాలున్నాయి. బరువు మెట్టు మెట్టుగా పెరిగినకొద్దీ సంఖ్య కూడా మెట్టు మెట్టుగా పెరిగింది.

ఇక్కడ కొందరికి ఒక సందేహం కలగవచ్చు. లావుగా ఉన్న పిల్లల అరికాలిలో కొవ్వు ఎక్కువ కనుక అది వంపును కప్పివేసి, పాదం చదునుగా ఉన్నట్లు భ్రమ కలిగిస్తుందేమో! ఆస్ట్రేలియాలోని ఊలంగాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే ప్రశ్న వేసుకొని, శబ్ద తరంగాల యంత్రంతో చిన్నపిల్లల అరికాలి కొవ్వు మందాన్ని కొలిచారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం బడి వయసు రాని పిల్లలలో కొవ్వు మందం బరువైన వారికీ, సామాన్యులకూ ఇంచుమించు ఒకటిగానే ఉన్నది. వంపు మాత్రం బరువైన పిల్లలలో కిందికి ఉన్నది. అనగా అది భ్రమ కాదు. బడి వయసు స్థూలకాయులలో కొవ్వు మందం కూడా హెచ్చినట్లు, వంపు కూడా తగ్గినట్లు అదే బృందం తరువాతి పరిశీలనలో తేలింది.

లెక్క వేసి చూస్తే దీని మర్మం బోధపడుతుంది. ఆరేళ్ళ బాలుని సగటు బరువు సుమారు 20 కిలోలు. అదే వయసు పిల్లవాడు 30 కిలోలు ఉన్నాడనుకుందాం. పరుగెత్తేటప్పుడు ఒక్కొక్క అడుగు మీద దేహభారానికి రెండు మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. కనుక ఆ 10 కిలోల అదనపు బరువు ప్రతి అడుగులోనూ 20, 30 కిలోలై లేత విల్లు మీద పడుతుంది. రోజుకు కొన్ని వేల అడుగులు. ఎముకలు ఇంకా గట్టిపడని వయసు. నారి సాగడంలో వింత ఏమున్నది?

దీనివలన ఒక విషవలయం ఏర్పడుతుంది. బరువు వలన పాదం త్వరగా అలసిపోతుంది. అలసిన పిల్లవాడు ఆట మానుకొని కూర్చుంటాడు. కూర్చున్నకొద్దీ బరువు పెరుగుతుంది, పాదంలోని కండరం బలహీనపడుతుంది. గాజువాక నుండి తొమ్మిదేళ్ళ బాలుని ఒక తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. అంతకు ముందే ఏదో దుకాణంలో వంపు నిలిపే అట్టలు, ప్రత్యేకమైన బూట్లు కొన్నారు. బాలుని మునివేళ్ళ మీద నిలబడమన్నాను. వంపు చక్కగా లేచింది. తూకం వేస్తే 44 కిలోలు. ఆ వయసుకు సగటు 27, 28 కిలోలు. "అమ్మా, విల్లు బాగానే ఉన్నది. దాని మీద మూట బరువైనది. బూట్లకు పెట్టిన శ్రద్ధ వంటింటి మీద పెట్టండి" అని చెప్పాను. ఆమె ముందు నొచ్చుకున్నది. "పెరిగే పిల్లవాడు కదండీ, తిండి దగ్గర ఎలా అడ్డుపడతాం?" అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం కిందనే ఉన్నది.

బూట్లు వంపును తెస్తాయా?

పాదరక్షల విషయంలో మన దక్షిణ భారతంలోనే విలువైన పరిశోధన జరిగింది. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ గార్లు 4 నుండి 13 ఏళ్ళ వయసు గల 2,300 మంది పిల్లల పాదముద్రలను తీసి 1992లో ఫలితాలు ప్రకటించారు. బూట్లు, చెప్పులు తొడిగే పిల్లలలో 8.6 శాతం మందికి చదును పాదాలుండగా, వట్టి కాళ్ళతో తిరిగే పిల్లలలో అవి 2.8 శాతమే. వేళ్ళు మూసి ఉండే బూట్లు వాడేవారిలో ఎక్కువ, చెప్పులు వాడేవారిలో తక్కువ. 1995లో అదే సంస్థ నుండి పెద్దల మీద వెలువడిన మరొక అధ్యయనంలో, చిన్ననాటనే బూట్లు అలవాటైన వారిలోనూ, స్థూలకాయులలోనూ, సంధిబంధనాలు వదులుగా ఉన్నవారిలోనూ చదును పాదాలు అధికంగా కనిపించాయి.

ప్రత్యేకమైన బూట్లు, అట్టల వలన వంపు వస్తుందా అన్న ప్రశ్నకు అమెరికా వైద్యులు 1989లోనే సమాధానం చెప్పారు. పిల్లలను వేర్వేరు జట్లుగా విభజించి, మూడేళ్ళపాటు కొందరికి సరిచేసే బూట్లు, కొందరికి అట్టలు ఇచ్చి, కొందరిని ఏ చికిత్సా లేకుండా ఉంచారు. చివరకు అన్ని జట్ల పాదాలూ సమానంగానే మెరుగుపడ్డాయి. కనుక నొప్పి లేని బిడ్డకు వేలు పోసి బూట్లు కొనవలసిన పని లేదు. నొప్పి ఉన్నచోట అట్టలు ఉపశమనం ఇవ్వవచ్చును. అది వైద్యుడు చూసి చెప్పవలసిన మాట.

ఆయుర్వేదం ఏమంటున్నది?

చరక సంహిత సూత్రస్థానంలో అతిస్థూలునికి కలిగే ఎనిమిది దోషాలు చెప్పబడ్డాయి. వాటిలో ఒకటి జవోపరోధం, అనగా చురుకుగా కదలలేకపోవడం. మేదస్సు ఒక్కటే పోషణను లాగుకొనడం వలన మిగిలిన ధాతువులు తగినంత పుష్టి పొందవని అక్కడి వివరణ. మేదస్సు తరువాతిది అస్థిధాతువు. పైకి పుష్టిగా కనిపించే బిడ్డ లోపల బలహీనంగా ఉండగలడన్న మాట. స్థూలత్వానికి కారణాలుగా అతిగా భుజించడం, తీపి పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర, తల్లిదండ్రుల నుండి వచ్చే బీజస్వభావం పేర్కొన్నారు. ఈనాటి వైద్యులు చెప్పే జాబితాకు, దీనికి పెద్ద తేడా లేదు.

దినచర్యలో పాదాభ్యంగం, అనగా పాదాలకు తైలమర్దన, ముఖ్యమైనదని చరకుడు, వాగ్భటుడు ఇద్దరూ చెప్పారు. పాదాల గరుకుదనం, బిగువు, అలసట, తిమ్మిరి దీనివలన తగ్గుతాయని వారి అభిప్రాయం. అరికాలి మధ్యన తలహృదయ మర్మం, బొటనవ్రేలికి దాని పక్క వ్రేలికి నడుమ క్షిప్ర మర్మం ఉన్నాయని సుశ్రుతుడు చెప్పాడు. కనుక మర్దన మృదువుగా ఉండవలెను. అయితే ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. తైలం వలన అలసట తీరుతుంది, నిద్ర పడుతుంది. విల్లు మాత్రం లేవదు. విల్లును లేపేది కదలిక, దానిని కాపాడేది తగిన బరువు.

ఇంటిలోనే పరీక్ష

1. బిడ్డ పాదాలను నీటితో తడిపి, పొడి సిమెంటు గచ్చు మీదగాని, వార్తాపత్రిక మీదగాని నిలబెట్టవలెను. ముద్రలో మడమకు, వేళ్ళకు నడుమ లోపలివైపు కొంత ఖాళీ ఉంటే వంపు ఉన్నట్లు. ఖాళీ లేకపోతే కంగారు పడవద్దు. రెండవ పరీక్ష చేయండి.

2. గోడ పట్టుకొని మునివేళ్ళ మీద లేవమనండి. వెనుక నుండి చూడండి. వంపు తేలి, మడమ లోపలివైపుకు తిరిగితే అది మెత్తని చదును పాదమే.

3. ఆరు నెలలకొకసారి ఎత్తు, బరువు వ్రాసి ఉంచండి. భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో ప్రకటించిన పెరుగుదల పటాలు మన పిల్లలకు తగినవి. మీ శిశువైద్యుని అడిగితే బిడ్డ ఏ గీత మీద ఉన్నదీ చూపుతారు.

వంటింట్లో చేయదగినవి

పెరిగే బిడ్డను పస్తులుంచరాదు. ఎత్తు పెరుగుతూ ఉండగా బరువు ఉన్నచోట నిలిచేలా చూస్తే చాలు. చాలామంది పిల్లలలో ఏడాది రెండేళ్ళలో ఆ రెండూ సరితూగుతాయి.

ఉత్తరాంధ్రలో చోళ్ళకు కొదవ లేదు. ఉదయం పాలలో కలిపే తీపి పొడులకు బదులు చోడి అంబలి మజ్జిగతో ఇవ్వవలెను. సాయంకాలం బడి నుండి రాగానే బజ్జీలు, నూడుల్సు కాక ఉడికించిన ఉలవల గుగ్గిళ్ళు, పెసల మొలకలు, జామకాయ పెట్టవలెను. స్థూలత్వానికి యవలు, ఉలవలు, పెసలు, మజ్జిగ హితమని చరకుడు చెప్పినవే ఇవి. 300 మిల్లీలీటర్ల సాధారణ కోలా పానీయంలో సుమారు 30 గ్రాముల పైన చక్కెర, అనగా ఏడెనిమిది చెంచాలు ఉంటుంది. దాహానికి నీరు, పలుచని మజ్జిగ మేలు. మాడుగుల హల్వా పండుగకు ఒక ముక్క తింటే దోషం లేదు. డబ్బా బల్ల మీద ఉంచడమే దోషం. బిడ్డ ఒక్కడికే పథ్యం పెట్టి, మిగిలినవారు ఎదుటనే వేపుళ్ళు తినడం తగదు. ఇల్లంతా మారితేనే బిడ్డ మారుతుంది.

మేదస్సు కరిగించే గుగ్గులు మాత్రలు, చూర్ణాలు పెద్దలకు ఇచ్చినట్లు పిల్లలకు సొంతంగా ఇవ్వరాదు.

ఆట, మర్దన

పిల్లలకు రోజుకు కనీసం ఒక గంట ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పాత ఆటలలో పాదానికి మందు ఉన్నది. తొక్కుడుబిళ్ళ, కుంటాట, తాడాట ఆడేటప్పుడు మునివేళ్ళ మీదనే పని జరుగుతుంది. ఇంట్లో నేల మీద పది గోళీలు పోసి, కాలివేళ్ళతో ఒక్కొక్కటి ఎత్తి గిన్నెలో వేయమనండి. తువాలు పరచి వేళ్ళతో మడతలుగా లాగమనండి. తాడాసనంలో మడమలు ఎత్తి పది అంకెలు లెక్కించేవరకు నిలవడం, వృక్షాసనం మంచివి. మడమలు నేలకు ఆనించి గొంతుకూర్చోవడం వలన పిక్క కండరం బిగుసుకుపోదు.

సముద్రతీరం ఉన్న ఊరిలో ఉండి ఇసుకలో నడవకపోవడం ఇంటనున్న మందు మరచినట్లు. ఆదివారం ఉదయం పిల్లలను రామకృష్ణా బీచికిగాని, భీమిలి తీరానికిగాని తీసుకువెళ్ళి, శుభ్రమైన ఇసుక చూసి వట్టి కాళ్ళతో నడిపించండి. గాజు పెంకుల పట్ల, అలల పట్ల జాగ్రత్త. మురికి నేల మీద మాత్రం చెప్పులు ఉండవలెను. అరికాలి చర్మం గుండా కొంకిపురుగులు ప్రవేశించి రక్తహీనత కలిగిస్తాయి. బడి బూటు ముందు బొటనవ్రేలంత ఖాళీ ఉండవలెను. ఇల్లు చేరగానే బూట్లు విప్పించవలెను.

రాత్రి గోరువెచ్చని ఉప్పునీటిలో పది నిమిషాలు పాదాలుంచి, తుడిచి, నువ్వులనూనె మడమ నుండి వేళ్ళ వైపుకు మెల్లగా మర్దించండి. పుండ్లు, గజ్జి ఉన్నప్పుడు చేయరాదు. ఆదివారం పెసరపిండితో నలుగు పెట్టడం చర్మానికి మంచిది.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఒక్క పాదమే చదునుగా ఉండడం, మునివేళ్ళ మీద లేచినా వంపు రాకపోవడం, నొప్పి వలన ఆట మానడం, రాత్రి నొప్పితో మేలుకోవడం, కుంటడం, తరచుగా పడిపోవడం, ఎత్తు పెరగకుండా బరువు మాత్రమే పెరగడం. వీటిలో ఏది ఉన్నా వైద్యునికి చూపవలెను.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. పది నుండి పదిహేనేళ్ళ మధ్య బరువైన పిల్లవాడు మోకాలు నొప్పి, తొడ నొప్పి అంటూ కుంటితే పాదాల మీద నెపం వేయవద్దు. తుంటి కీలు వద్ద తొడ ఎముక తల పక్కకు జారే వ్యాధి అధిక బరువు గల పిల్లలలోనే ఎక్కువగా వస్తుంది. పన్నెండేళ్ళ బాలునికి చదును పాదాలకు తైలం వ్రాయమని ఒక కుటుంబం నన్ను కోరింది. ఆ కుంటు నాకు నచ్చలేదు. తైలం వ్రాయకుండా, కాలు మోపనివ్వకుండా, ఆ రోజే ఎముకల వైద్యుని వద్దకు పంపాను. ఎక్స్‌రేలో ఎముక తల జారి ఉన్నది. శస్త్రచికిత్స సకాలంలో జరిగినందున ఈనాడు ఆ అబ్బాయి మామూలుగా నడుస్తున్నాడు. ఇటువంటి చోట మర్దన, కట్లు హాని చేస్తాయి.

గాజువాక బాలుని సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఏడాదిన్నరలో అతని ఎత్తు పది సెంటీమీటర్లు పెరిగింది. బరువు ఒక్క కిలోనే పెరిగింది. తడి పాదముద్రలో వంపు కొద్దిగానే తేలింది. కాని "కాళ్ళు పీకుతున్నాయి" అన్న మాట ఆ ఇంట వినిపించడం మానింది. సాయంకాలం అతనిని మైదానం నుండి ఇంటికి పిలవడమే ఇప్పుడు తల్లికి పెద్ద పని అయినది. పాదముద్ర ఎలా ఉన్నదన్నది రెండవ మాట. ఆ పాదం బిడ్డను ఎంత దూరం, ఎంత సంతోషంగా తీసుకుపోతున్నదన్నదే తల్లిదండ్రులు మొదట చూడవలసినది.